వాహనాన్ని ఆపేందుకు పోలీసులకు చట్టం కల్పించిన ఆధారాలు

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్: కూడలిలో పోలీసు చెయ్యెత్తడం, వాహనం పక్కకు ఆగడం నగరాల్లోనూ, జిల్లా కేంద్రాల్లోనూ నిత్యం కనిపించే దృశ్యమే. అయితే ఆ చెయ్యెత్తే అధికారం ఏ చట్టం నుంచి వచ్చింది, ఆగిన వాహనంలో ఏయే పత్రాలు అడగవచ్చు, ఎప్పుడు సోదా చేయవచ్చు, ఎప్పుడు వాహనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు అనే విషయాల్లో వాహన చోదకులకే కాక, కొన్ని సందర్భాల్లో విధుల్లో ఉన్న సిబ్బందికి కూడా స్పష్టత కొరవడుతోంది. ఫలితంగా రోడ్డు మీద వాగ్వివాదాలు చోటుచేసుకోవడం, తగిన కారణం నమోదు కాని కేసులు న్యాయస్థానంలో వీగిపోవడం జరుగుతోంది.

ఈ అంశంలో ముందుగా గుర్తించవలసినది ఒకటుంది. వాహనాన్ని ఆపడం, పత్రాలు అడగడం, శ్వాస పరీక్ష చేయడం, సోదా చేయడం, స్వాధీనం చేసుకోవడం, అరెస్టు చేయడం అనేవి ఒకే అధికారంలోని మెట్లు కావు. అవి వేర్వేరు అధికారాలు. ప్రతి దానికీ వేరే సెక్షన్, వేరే కారణం ఉన్నాయి. మొదటిది ఉన్నంత మాత్రాన మిగిలినవి వాటంతట అవే సంక్రమించవు.

రాజ్యాంగం, మోటారు వాహనాల చట్టం

భారత రాజ్యాంగంలోని 19(1)(డి) అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును పౌరులకు ప్రసాదించింది. ప్రజా ప్రయోజనాల దృష్ట్యా ఈ హక్కుపై సహేతుకమైన పరిమితులు విధించేందుకు 19(5) అధికరణం వీలు కల్పించింది. అయితే ఆ పరిమితులు చట్టం ద్వారానే విధించాలి. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప వ్యక్తి స్వేచ్ఛను హరించరాదని 21వ అధికరణం స్పష్టం చేస్తోంది. కనుక రహదారిపై జరిగే ప్రతి తనిఖీకి ఒక చట్టపు ఆధారం ఉండి తీరాలి.

వాహనాలకు సంబంధించి ఆ ఆధారం ప్రధానంగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 1939 నాటి పాత చట్టం స్థానంలో ఇది 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. 2019లో దీనికి విస్తృతమైన సవరణలు జరిగాయి. జరిమానాలకు సంబంధించిన నిబంధనల్లో అత్యధికం అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. చట్టంలో పేర్కొన్న కొన్ని నేరాలను అక్కడికక్కడే పరిష్కరించేందుకు వసూలు చేయవలసిన రుసుమును, అలా వసూలు చేసే అధికారుల హోదాను సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వాలు ప్రకటిస్తాయి. అందువల్ల చలానా మొత్తాలు రాష్ట్రానికీ, రాష్ట్రానికీ మారుతూ ఉంటాయి.

ఆపడానికి మూలం: చోదకుని బాధ్యత

ఈ చట్టంలో ఒక విశేషం ఉంది. "పోలీసులు వాహనాన్ని ఆపవచ్చు" అని చెప్పడానికి బదులు, "చోదకుడు ఆగవలెను", "చోదకుడు చూపవలెను" అనే రీతిలోనే ముఖ్యమైన సెక్షన్లు రూపొందాయి. అంటే పోలీసు అధికారం చాలావరకు చోదకుని బాధ్యత రూపంలో చట్టంలో చోటు చేసుకుంది.

సెక్షన్ 119 ప్రకారం ప్రతి చోదకుడూ ట్రాఫిక్ గుర్తులను, సిగ్నళ్లను, బహిరంగ ప్రదేశంలో ట్రాఫిక్ క్రమబద్ధీకరణలో నిమగ్నమైన పోలీసు అధికారి ఆదేశాలను పాటించాలి. కూడలిలో విధుల్లో ఉన్న కానిస్టేబుల్ చెయ్యెత్తినప్పుడు ఆగవలసిన బాధ్యతకు ఇది ఆధారం. చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా ధిక్కరిస్తే సెక్షన్ 179 కింద శిక్షార్హులవుతారు. ఈ సెక్షన్ కింద జరిమానా గతంలో రూ.500 వరకు ఉండగా, 2019 సవరణతో రూ.2,000కు పెరిగింది.

సెక్షన్ 130 ప్రకారం బహిరంగ ప్రదేశంలో వాహనం నడుపుతున్న వ్యక్తి, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఎవరు అడిగినా తన డ్రైవింగ్ లైసెన్సును పరిశీలనకు చూపాలి. ఇక్కడ హోదా షరతు లేదు, యూనిఫాం షరతు ఉంది. లైసెన్సు పరిశీలించడానికి అడిగింది కానిస్టేబుల్ అన్న కారణంతో నిరాకరించడానికి వీలు లేదు. అదే విధంగా మఫ్టీలో ఉన్న వ్యక్తి ఈ సెక్షన్ ఆధారంగా లైసెన్సు అడగజాలరు. అరెస్టుకు సంబంధించిన సెక్షన్ 202లోనూ, శ్వాస పరీక్షకు సంబంధించిన సెక్షన్ 203లోనూ యూనిఫాం ప్రస్తావన మళ్లీ కనిపించడం గమనార్హం. ఎదుట ఉన్నది అధికారియో, మోసగాడో చోదకుడు గుర్తించగలగడమే ఈ షరతు వల్ల కలిగే మేలు.

సెక్షన్ 132 ప్రమాదాలకు సంబంధించినది. మనిషికి గానీ, జంతువుకు గానీ, మరో వాహనానికి గానీ ప్రమాదం జరిగినప్పుడు లేదా ఆస్తికి నష్టం వాటిల్లినప్పుడు, యూనిఫాంలో ఉన్న సబ్ ఇన్‌స్పెక్టర్ లేదా ఆపై హోదా గల అధికారి కోరితే చోదకుడు వాహనాన్ని ఆపి, అవసరమైన సహేతుక సమయం వరకు అక్కడే ఉంచాలి. ఆ సమయం 24 గంటలకు మించరాదు. మొదట యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అయినా ఆపవచ్చని ఈ సెక్షన్‌లో ఉండేది. 1994 సవరణ దీనిని ప్రమాద సందర్భాలకు, ఎస్‌ఐ హోదాకు పరిమితం చేసింది. పశువులను తోలుకుపోతున్న వ్యక్తి, వాహనాన్ని చూసి అవి బెదిరిపోతాయని భావించి కోరినా చోదకుడు ఆగవలసిందే. గుర్రం, పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచర గాడిద, గొర్రె, మేక ఈ నిర్వచనంలోకి వస్తాయి. గ్రామీణ రహదారులపై మేకల మందలు, గొర్రెల మందలు ఎదురయ్యే ప్రాంతాల్లో ఈ నిబంధన ప్రాముఖ్యం విదితమే.

కంటికి కనిపించే ఉల్లంఘన

ఆచరణలో వాహనాలను ఆపడానికి ప్రధాన కారణం అధికారి ఎదుటే జరిగే ఉల్లంఘన. ఎర్ర సిగ్నల్ దాటడం, హెల్మెట్ లేకపోవడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం, ద్విచక్ర వాహనంపై ముగ్గురు ప్రయాణించడం, ఎదురు దిశలో రావడం, నంబరు ప్లేటు లేకపోవడం లేదా అంకెలు కనిపించకుండా వంచడం ఇందులోకి వస్తాయి. నడుపుతూ చేతిలో ఫోను వాడటాన్ని 2019 సవరణ సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్ పరిధిలోకి చేర్చింది. కారు అద్దాల విషయంలో ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు ప్రసరించాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం నిర్దేశిస్తోంది.

వీటిలో ఏది జరిగినా ఆపడానికి కారణం సుస్పష్టం. ఏ ఉల్లంఘన గమనించారో చోదకునికి ఒక్క వాక్యంలో చెబితే సగం వివాదాలు అక్కడే సమసిపోతాయి.

భారీ సరుకు రవాణా వాహనాలకు వేరే నిబంధన ఉంది. పరిమితికి మించిన బరువు ఉందని విశ్వసించేందుకు కారణం ఉన్నప్పుడు, అధీకృత రవాణా శాఖ అధికారి సెక్షన్ 114 కింద వాహనాన్ని తూకానికి పంపవచ్చు. ఆ తూనిక యంత్రం వాహనం ముందుకు సాగే మార్గంలోని ఏదైనా స్థానం నుంచి 10 కిలోమీటర్ల లోపు లేదా గమ్యస్థానం నుంచి 20 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఆగకుండా, తూకానికి నిరాకరించి వెళ్లిపోయే చోదకునికి సెక్షన్ 194 కింద రూ.40,000 జరిమానా విధించవచ్చు.

పత్రాలు: కాగితమా, ఫోనా?

పత్రాలు చేతిలో లేకపోవడం వేరు, అసలు పత్రాలే లేకపోవడం వేరు. ఈ రెండింటినీ చట్టం వేర్వేరుగా చూస్తోంది. రవాణా శాఖ అధికారి బీమా పత్రం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్ వంటివి కోరినప్పుడు అవి దగ్గర లేకుంటే, 15 రోజుల్లోగా ధ్రువీకరించిన ప్రతులను స్వయంగా అందజేసేందుకు లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపేందుకు సెక్షన్ 130(3) అవకాశం ఇస్తోంది.

డిజీలాకర్, ఎం పరివాహన్ యాప్‌లలో చూపే పత్రాలను అసలు పత్రాలతో సమానంగా పరిగణించాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టులో రాష్ట్రాలకు సూచించింది. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాలు మరింత ముందుకు వెళ్లాయి. ఎలక్ట్రానిక్ విధానంలో చెల్లుబాటు నిర్ధారణ అయిన పత్రాన్ని మళ్లీ కాగితం రూపంలో అడగరాదని ఆ నియమాలు పేర్కొన్నాయి. తనిఖీ జరిగిన తేదీ, సమయం, తనిఖీ చేసిన అధికారి వివరం పోర్టల్‌లో నమోదు కావాలని కూడా నిర్దేశించాయి. ఒకే వాహనాన్ని ఒకే దారిలో పలుమార్లు ఆపడాన్ని నివారించడమే దీని ఉద్దేశం.

శ్వాస పరీక్ష: అనుమానానికి కారణం తప్పనిసరి

మద్యం సేవించి వాహనాలు నడిపేవారిపై హైదరాబాద్‌లో రాత్రి వేళల్లో జరిగే ప్రత్యేక తనిఖీలు పాత్రికేయులకు సుపరిచితమే. ఈ తనిఖీలకు సెక్షన్ 203 ఆధారం. సెక్షన్ 185 కింద నేరం జరిగిందని అనుమానించేందుకు సహేతుకమైన కారణం ఉన్నప్పుడు, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చోదకుణ్ణి శ్వాస పరీక్షకు ఆదేశించవచ్చని ఈ సెక్షన్ చెబుతోంది. అధీకృత రవాణా శాఖ అధికారికీ ఈ అధికారం ఉంది.

ఇక్కడ "సహేతుకమైన కారణం" అన్న మాట కీలకమైనది. మద్యం వాసన, తడబడే మాట, వాహనం వంకర్లు తిరుగుతూ రావడం, బారికేడ్లను చూసి హఠాత్తుగా వెనుదిరగడం వంటి పరిశీలనలు అనుమానానికి ఆధారాలుగా నిలుస్తాయి. వీటిని కేసు పత్రాల్లో నమోదు చేయడం అత్యవసరం. యంత్రం చూపే అంకె ఎంత ముఖ్యమో, ఆ యంత్రాన్ని నోటి దగ్గర పెట్టడానికి దారితీసిన కారణమూ అంతే ముఖ్యం.

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరమవుతుంది. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10,000 జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.15,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చు. పరీక్షకు నిరాకరించిన వ్యక్తి మద్యం సేవించాడని అనుమానించేందుకు సహేతుకమైన కారణం ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. సహేతుకమైన కారణం లేకుండా నిరాకరించడాన్ని న్యాయస్థానం ప్రాసిక్యూషన్‌కు బలం చేకూర్చే అంశంగా పరిగణించేందుకు సెక్షన్ 205 వీలు కల్పిస్తోంది. మరోవైపు, సెక్షన్ 185 కింద అరెస్టయిన వ్యక్తికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరపాలి. లేనిపక్షంలో విడుదల చేయాలని సెక్షన్ 202 నిర్దేశిస్తోంది. మహిళ నుంచి పురుష వైద్యుడు రక్త నమూనా తీసుకునేటప్పుడు మరో మహిళ అక్కడ ఉండాలి.

వాహనం స్వాధీనం ఎప్పుడు?

వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 207లో ఉంది. లైసెన్సు లేకుండా నడపడం, నిర్ణీత వయసు నిండకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేని వాహనం నడపడం, పర్మిట్ లేకుండా గానీ, పర్మిట్‌లోని కొన్ని ముఖ్య షరతులను ఉల్లంఘించి గానీ నడపడం ఇందుకు కారణాలు. లైసెన్సు, వయసు, పర్మిట్ లేకపోవడం వంటి సందర్భాల్లో వాహనానికి బదులు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది. హెల్మెట్ లేకపోవడం, చలానా బకాయి ఉండటం ఈ సెక్షన్ జాబితాలో లేవు.

మద్యం సేవించి నడిపిన సందర్భం కూడా సెక్షన్ 207లో లేదు. ఈ అంశంపై 2021లో తెలంగాణ హైకోర్టు మార్గదర్శకాలు జారీ చేసింది. చోదకుడు మద్యం సేవించాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం లేదని, అయితే ఆ స్థితిలో అతణ్ణి వాహనం నడపనీయరాదని న్యాయస్థానం పేర్కొంది. వెంట మద్యం సేవించని, లైసెన్సు గల వ్యక్తి ఉంటే అతనికి వాహనం అప్పగించాలి. ఎవరూ లేకుంటే బంధువులకో, స్నేహితులకో సమాచారం ఇచ్చి పిలిపించాలి. అప్పటికీ ఎవరూ రాకపోతేనే వాహనాన్ని తాత్కాలికంగా పోలీస్ స్టేషన్‌లో గానీ, మరో సురక్షిత ప్రదేశంలో గానీ ఉంచాలి. ప్రజల భద్రతకూ, ఆస్తి హక్కుకూ మధ్య సమతూకం పాటించిన తీర్పుగా దీనిని పేర్కొనవచ్చు.

లైసెన్సు స్వాధీనానికి సెక్షన్ 206 వర్తిస్తుంది. పత్రం నకిలీదని గానీ, చోదకుడు సమన్లు తప్పించుకుంటాడని గానీ విశ్వసించేందుకు కారణం ఉండాలి. అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం మత్తు, హెల్మెట్ లేకపోవడం వంటి కొన్ని నేరాలను 2019 సవరణ ఇందులో చేర్చింది. వాహనం తాళంచెవి లాక్కోవడం, టైర్లలో గాలి తీయడం వంటి చర్యల ప్రస్తావన తనిఖీకి సంబంధించిన ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు.

సోదాకు వేరే చట్టాలు

లైసెన్సు చూపమనే అధికారం డిక్కీ తెరిపించే అధికారం కాదు. సోదాకు మరో చట్టం ఆధారం కావాలి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు నుంచి గంజాయి తెలంగాణ మీదుగా ఇతర రాష్ట్రాలకు తరలుతున్న కేసులు తరచూ బయటపడుతున్నాయి. ఇటువంటి సందర్భాల్లో 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం వర్తిస్తుంది. నిషిద్ధ పదార్థం రవాణా అవుతోందని అనుమానించేందుకు కారణం ఉన్నప్పుడు, అధీకృత అధికారి ఏ వాహనాన్నైనా ఏ సమయంలోనైనా ఆపి సోదా చేయవచ్చని ఆ చట్టంలోని సెక్షన్ 49 చెబుతోంది. అయితే వ్యక్తి శరీర సోదా జరపాలంటే, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కును సెక్షన్ 50 కల్పించింది. మహిళలను మహిళలే సోదా చేయాలి. ఈ పద్ధతులు పాటించని కారణంగా పెద్ద మొత్తంలో సరుకు పట్టుబడిన కేసులు కూడా వీగిపోయే ప్రమాదం ఉంది.

2024 జులై 1 నుంచి నేర శిక్షాస్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దర్యాప్తులో భాగంగా వారంటు లేకుండా సోదా జరిపే అధికారి అందుకు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని ఇందులోని సెక్షన్ 185 నిర్దేశిస్తోంది. సోదా, స్వాధీన ప్రక్రియను దృశ్య, శ్రవణ రూపంలో చిత్రీకరించాలని, మొబైల్ ఫోను వాడినా సరిపోతుందని సెక్షన్ 105 పేర్కొంటోంది.

ఆపకుండానే చలానా

అతివేగం, సిగ్నల్ ఉల్లంఘన వంటి వాటికి వాహనాన్ని ఆపవలసిన అవసరం క్రమంగా తగ్గుతోంది. ఎలక్ట్రానిక్ పర్యవేక్షణకు 2019లో చేర్చిన సెక్షన్ 136ఎ ఆధారం. 2021 ఆగస్టులో వెలువడిన 167ఎ నియమం ప్రకారం కెమెరా పరికరాలకు ఆమోద ధ్రువపత్రం ఉండాలి. అవి ఉన్న దారుల్లో ముందుగా హెచ్చరిక బోర్డులు అమర్చాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని కూడా ఆ నియమం నిర్దేశించింది.

అరెస్టు: చివరి అస్త్రం

ప్రమాదకర డ్రైవింగ్, మద్యం మత్తులో డ్రైవింగ్, యజమాని అనుమతి లేకుండా వాహనం తీసుకుపోవడం అనే మూడు నేరాలు తన ఎదుట జరిగినప్పుడు, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి సెక్షన్ 202 కింద వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఈ చట్టం కింద నేరం చేసిన వ్యక్తి పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరించినప్పుడు కూడా అరెస్టుకు వీలుంది. అంటే, పేరు, చిరునామా సక్రమంగా చెప్పిన చోదకుని విషయంలో చిన్న ఉల్లంఘన అరెస్టుకు దారితీయదు. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించాలని డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఆదేశించింది. అరెస్టుకు కారణాలు తెలుసుకునే హక్కు, న్యాయవాదిని సంప్రదించే హక్కు, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ఎదుట హాజరయ్యే హక్కు రాజ్యాంగంలోని 22వ అధికరణం కల్పించినవి.

ఉభయుల బాధ్యత

వాహనం ఆపిన ప్రతి సందర్భంలోనూ అధికారి నమోదు చేయవలసిన అంశాలు నాలుగు: ఎక్కడ, ఎన్ని గంటలకు ఆపారు, ఏ ఉల్లంఘన గమనించారు లేదా ఏ అనుమానం కలిగింది, ఏ సెక్షన్ కింద చర్య తీసుకున్నారు, ఏ పత్రం లేదా వాహనం స్వాధీనం చేసుకుని ఏ రసీదు ఇచ్చారు. తనిఖీపై వివాదం తలెత్తినప్పుడు పాత్రికేయులు అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే. వీటికి సమాధానం ఉన్న చర్య న్యాయస్థానంలోనూ, ప్రజల దృష్టిలోనూ నిలబడుతుంది. చట్టాన్ని అమలు చేసే అధికారులే ఈ చట్టం కింద నేరానికి పాల్పడితే రెట్టింపు జరిమానా విధించాలని 2019లో చేర్చిన సెక్షన్ 210బి చెబుతోంది.

వాహన చోదకుల వైపు నుంచి మొదటి బాధ్యత ఆగడం. కారణం సరైనది కాదని భావించినా, వాహనాన్ని ఒక్కసారిగా ముందుకు ఉరికించడం వల్ల ఎదురుగా నిలబడిన సిబ్బంది ప్రాణాలకు, తోటి ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు వాటిల్లుతుంది. చిన్న జరిమానాతో ముగియవలసిన విషయం తీవ్రమైన నేరంగా మారుతుంది. ఆగి, పత్రాలు చూపి, ఏ సెక్షన్ కింద చర్య తీసుకుంటున్నారో మర్యాదగా అడగడం పౌరుని హక్కు. నేరం అంగీకరించని పక్షంలో అక్కడ రుసుము చెల్లించకుండా న్యాయస్థానంలో వాదన వినిపించుకునే మార్గం తెరిచే ఉంటుంది.

చెయ్యెత్తిన పోలీసు వద్ద చెప్పదగిన కారణం, ఆగిన చోదకుని వద్ద చూపదగిన పత్రం ఉన్నప్పుడు రహదారి తనిఖీ రెండు నిమిషాల్లో ముగిసే పని. కారణం చెప్పడం అధికారాన్ని తగ్గించదని, దానికి బలం చేకూరుస్తుందని క్షేత్రస్థాయి సిబ్బంది గుర్తించినప్పుడు చట్టం ఆశించిన రహదారి భద్రత సాకారమవుతుంది.